జున్నులో తెల్లగీత

మన బాపులపాడు మామిడితోటల్లో మేసే గొర్రెకు నీలినాలుక జబ్బు తగిలిందో లేదో దాని నెత్తురే సాక్ష్యం చెబుతుంది. ఎలాగంటారా?

సముద్రపు నాచు నుంచి తీసే అగరును వేడినీటిలో కరిగించి, పళ్లెంలో పోసి చల్లార్చితే జున్నులా పేరుకుంటుంది. అందులో రెండు గుంటలు చేస్తారు. ఒకదానిలో ఆ జబ్బు వైరసు తాలూకు ప్రతిజనకమూ, రెండవదానిలో గొర్రె నెత్తుటి తేటా పోస్తారు. తడికాగితం మీద సిరాచుక్కల్లాగా రెండూ పాకుతాయి. జబ్బును ఎదిరించడానికి వంట్లో పుట్టే ప్రతిరక్షకాలు ఆ తేటలో ఉంటే, రెండూ కలిసినచోట తెల్లని గీత పడుతుంది. ఒకటి రెండు రోజుల్లో కంటికే కనబడుతుంది!

1948లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఔక్టర్లోనీ, పసిపిల్లల గొంతు నొక్కే డిఫ్తీరియా క్రిములను పరీక్షించడానికి ఈ ఉపాయం చూపాడు.

టీకా వేయని గొర్రెకు గీత పడితే, జబ్బు మందలోకి వచ్చిందన్నమాట. కాపరి మేలుకోవాలి. గీత పడనంతమాత్రాన నిశ్చింత తగదు; ప్రతిరక్షకాలు పుట్టడానికి కొన్ని రోజులు పడుతుంది.