పశువులకు మందు పోయు విధము

తిరుపతి జిల్లా తడ పరిసర గ్రామములలో గొర్రెలు, పశువులు చెరువుల క్రింది తడినేలలలో మేయుట కలదు. మంచినీటి నత్తల మూలమున అట్టి చోట్ల కార్జపు జలగలు సోకును గనుక మందు త్రాగింపక తప్పదు. మందు పోసిన మూడు నాలుగు దినములకు ఒక గొర్రె మేత మానినచో "మందు వికటించినది" అనుట మనవారికి అలవాటు. పెక్కుసారులు వికటించినది మందు కాదు, పోసిన విధము.

గొంతులో ఆహారనాళము, శ్వాసనాళము ప్రక్కప్రక్కనే యుండును. మ్రింగునప్పుడు శ్వాసనాళపు ద్వారము తనంతట మూసికొనును. తలను పైకెత్తి, నాలుకను లాగిపట్టి పోసినచో పశువు సరిగా మ్రింగజాలదు. మందు ఊపిరితిత్తులలోనికి దిగి న్యుమోనియా కలుగును. నూనె మరింత ప్రమాదకరము. అది దగ్గు పుట్టింపకయే లోనికి జారగలదు. కడుపుబ్బరమునకు నూనె పోయువారు ఈ సంగతి ఎరుగవలెను.

రెండవ కీడు గాయము. మందు పోయు గన్ను కొన మొరటుదైనను, గొర్రెపిల్ల నోటికి మించిన పొడవుదైనను, పిల్ల తల విదిలించినంతనే గొంతు పొర చిరుగును. వెదురు గొట్టపు అంచు కూడ ఇట్లే కోయును. గాజుసీసా దవడపండ్ల నడుమ పగిలినచో చెప్పనక్కరలేదు. చిరుగులో మందు, మేత చేరి కుళ్లును. చొంగ కారుట, మెడ చాచి కష్టముతో మ్రింగుట, త్రాగిన నీరు ముక్కునుండి వచ్చుట, నోటి దుర్వాసన, గొంతువద్ద వాపు దీని గుర్తులు.

ఇచ్చటనే పొరపాటు జరుగును. జలగ ముదిరినను దవడ క్రింద నీరు దిగి వాచును. ఆ వాపు మెత్తగా, నొప్పి లేక యుండును. గాయపు వాపు వేడిగా, ముట్టనీయక యుండును. ఒకదానిని మరొకటిగా భావించి తిరిగి మందు పోసినచో చిరుగు పెద్దదగును.

మందు పోయునప్పుడు ముక్కు కంటి మట్టమును మించరాదు. నోటి ప్రక్కన పండ్లు లేని సందునుండి కొద్దికొద్దిగా పోసి, మ్రింగనిచ్చి మరల పోయవలెను. దగ్గినచో వెంటనే తల విడువవలెను. ఈనిన పిమ్మట పాలజ్వరముతో కూలిన ఆవునకు మ్రింగు శక్తి తగ్గియుండును గనుక నోటిలో ఏమియు పోయరాదు. వైద్యుడు నరమునకు కాల్షియం ఎక్కించును.

గాయమని అనుమానము కలిగినచో నోటి మందు ఆపివేసి, 1962 నంబరునకు ఫోను చేయుడు, లేదా సమీప పశువైద్యుని పిలువుడు. వాపును కోయుటగాని వాత పెట్టుటగాని కూడదు. ఏ దినమున, ఏ మందు, దేనితో పోసితిరో దాచక వైద్యునకు చెప్పుడు. వీలైనచో ఆ గన్నును గాని గొట్టమును గాని చూపుడు.