అబ్బా కోసం వేరే పళ్ళెం

నేను పోషకాహార శాస్త్రంలో పట్టా పుచ్చుకున్న ఏడాదే మా అబ్బాకు మధుమేహం ఉన్నట్లు తేలింది. చదివినదంతా ఆయన మీదే ప్రయోగించాను. తినకూడని పదార్థాల జాబితా వ్రాసి వంటగది గోడకు అంటించాను. మేమంతా దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చుని బగారా అన్నం, దాల్చా తింటూంటే, ఆయన ముందు ఉడికించిన చప్పిడి కూరగాయల పళ్ళెం ఉండేది. కొన్నాళ్ళకు ఆయన మాతో కూర్చోవడమే మానేశారు. ఆకలి లేదని చెప్పి ముందుగానే నాలుగు ముద్దలు తిని లేచిపోయేవారు. ఒకరోజు ఉతకడానికి తీసిన ఆయన కుర్తా జేబులో అమ్మీకి మిఠాయి కాగితాలు దొరికాయి.

నేను కోపగించుకోబోయాను. అమ్మీ శాంతంగా అన్నది: "బేటీ, నువ్వు ఆయన చక్కెరను చూశావు, ఒంటరితనాన్ని చూడలేదు. ఆయనకు మంచిదైన భోజనమే మనమందరం తింటే ఏమవుతుంది?"

మేలే అవుతుంది. నా పుస్తకాలు చెప్పినదీ అదే, నేనే గ్రహించలేదు. మధుమేహం ఉన్నవారికి తగిన భోజనం దాదాపుగా ఇంటిల్లిపాదికీ తగినదే.

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార మార్గదర్శకాలను వెలువరించింది. రోజుకు 2000 కిలోక్యాలరీలు అవసరమైన వ్యక్తికి అందులో సూచించిన కొలతలు ఇవి: ధాన్యాలు 250 గ్రాములు, పప్పుధాన్యాలు 85, కూరగాయలు 400, పండ్లు 100, గింజలు 35, నూనె 27, పాలు లేక పెరుగు 300 మిల్లీలీటర్లు. మన ఇళ్ళలో సాధారణంగా అన్నం ఎక్కువ, కూరగాయలు తక్కువ. మార్చవలసినది ప్రధానంగా ఈ నిష్పత్తినే.

మా ఇంట్లో దాల్చా నుంచే మొదలుపెట్టాము. సొరకాయ ముక్కలు రెట్టింపు చేసి, కొవ్వు తీసేసిన మాంసం కొద్దిగా వేశాము. పళ్ళెంలో అన్నం తగ్గించి, ఆ చోటును మెంతికూరతోనూ కీరా రైతాతోనూ నింపాము. ఉప్పు తగ్గించిన చోట నిమ్మరసం, పుదీనా, చింతపండు రుచిని నిలబెట్టాయి. రోజుకు ఒక మనిషికి ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా దాటరాదు. పచ్చళ్ళు, అప్పడాలలోని ఉప్పు కూడా ఆ లెక్కలోనిదే.

నూనెకు ఒక సులువైన ఉపాయం ఉంది. పైన చెప్పిన లెక్కన నలుగురు పెద్దవారున్న ఇంటికి నెలకు సుమారు మూడున్నర లీటర్లు చాలు. వేపుళ్ళకు వాడేదీ, నెయ్యీ అందులోకే వస్తాయి. ఒకటో తేదీన అంత నూనె విడిగా పెట్టి చూడండి. మా ఇంట్లో మొదటి నెల అది ఇరవై రోజులకే అయిపోయింది! ఎవరూ ఎవరినీ మందలించనక్కరలేకపోయింది, ఖాళీ సీసాయే విషయం చెప్పింది.

ఇప్పుడు నా వద్దకు వచ్చే కుటుంబాలను మొదట నేనడిగే ప్రశ్న, "మీ ఇంట్లో అందరికీ ఇష్టమైన వంటకం ఏది?" ఆ వంటకాన్నే కొద్దికొద్దిగా సరిదిద్దుతాము. పుదీనా ఆకులు గిల్లే పని, కీరా తరిగే పని పిల్లలకు అప్పగించమంటాను. తమ చేయి పడిన కూరను వారు అంత సులభంగా వద్దనరు. రుచిలేని భోజనం ఎంత మంచిదైనా నాలుగు రోజులకు మించి నిలవదు. అందుకే వంటింట్లో రుచి నిలబెట్టడం కూడా నా వృత్తిలో భాగమేనని నమ్ముతాను.

ఒక్క హెచ్చరిక: మధుమేహానికి మందులు లేక ఇన్సులిన్ వాడుతున్నవారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వైద్యుని సలహా తీసుకున్న తరువాతే ఆహారం మార్చుకోవాలి. ఖర్జూరం సహజమైనదే అయినా దానిలోనూ చక్కెర ఉన్నది కనుక లెక్కించి తినాలి.

గోడ మీది జాబితాను ఆ వారమే చింపేశాను. అబ్బా మందులు మానలేదు, వైద్యుని వద్దకు వెళ్ళడమూ మానలేదు. కానీ రహస్యంగా మిఠాయి తినడం ఆగిపోయింది. ఆ ఏడాది ఈద్ నాడు అమ్మీ షీర్ ఖుర్మాలో ఖర్జూరపు తీపి ఉన్నదని చక్కెర బాగా తగ్గించింది. అందరికీ ఒకే కొలత, చిన్న కప్పు. అబ్బా తన కప్పు అందుకుని, మా మధ్యన కూర్చుని, అందరికన్నా నెమ్మదిగా తిన్నారు.