పై రెప్ప గుంట: పూడ్చేముందు ఒక ప్రశ్న

కంటినిండా నిద్రపోయినా, ఒంట్లో ఏ నలతా లేకపోయినా కొందరిని చూడగానే "ఏంటి, అలా పీక్కుపోయావు?" అని అడుగుతారు. చాలాసార్లు ఆ మాట అనిపించేది పై రెప్పకూ కనుబొమ్మ ఎముకకూ మధ్య పడిన గుంట. వయసుతో అక్కడి కొవ్వు తరిగిపోతుంది. బాగా బరువు తగ్గినా అంతే. రెప్పల సర్జరీలో కొవ్వు మరీ ఎక్కువగా తీసేస్తే కూడా గుంట పడుతుంది. కొందరి ముఖం తీరే అంత.

దాన్ని పూడ్చడానికి వాడే ఫిల్లర్లలో ఎక్కువగా ఉండేది హైలురోనిక్ యాసిడ్. మన చర్మంలో, కీళ్లలో సహజంగా ఉండి నీటిని పట్టి ఉంచే పదార్థమే. 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ దీన్ని మొదటిసారి వేరుచేసింది కూడా ఆవు కంటి లోపలి జిగురు నుంచే. విడిగా ఎక్కిస్తే త్వరగా కరిగిపోతుంది కనుక దాని అణువులను ఒకదానితో ఒకటి ముడివేసి జెల్‌గా తయారు చేస్తారు.

అనుభవమున్న డాక్టర్ మనిషిని కూర్చోబెట్టి, పాత ఫొటోలు పక్కన పెట్టుకుని చూస్తారు. పాతికేళ్లప్పుడు రెప్ప ఎలా ఉండేదో అదే కొలత. కనుబొమ్మ ఎముక అంచుకు ఆనించి, మొన మొద్దుగా ఉండే కాన్యులాతో కొద్దికొద్దిగా జెల్ వదులుతారు. చాలామందికి కంటికి అర మిల్లీలీటరు లోపే చాలు, అంటే ఓ పది చుక్కలు. రెప్ప చర్మం ఒంట్లోకెల్లా పల్చన. జెల్ కాస్త ఎక్కువైనా, పైపైన పడినా ఉబ్బుగానో నీలంగానో తెలిసిపోతుంది. అలాంటప్పుడు హైలురోనిడేజ్ ఇంజెక్షన్‌తో కరిగించవచ్చు.

కరిగించుకోవచ్చు కదా అని తేలిగ్గా తీసుకునే పని మాత్రం కాదిది. కనుబొమ్మ దగ్గరి రక్తనాళాలు కంటికి రక్తం అందించే ధమని నుంచి వచ్చిన కొమ్మలే. జెల్ పొరపాటున వాటిలోకి దూరి వెనక్కి వెళితే రెటీనాకు రక్తం ఆగిపోతుంది. ఇది చాలా అరుదు. కానీ జరిగితే వెంటనే చూపు పోవచ్చు, పోయిన చూపు తిరిగిరావడం కష్టం. అందుకే ఈ ఇంజెక్షన్ బ్యూటీపార్లర్‌లో చేయించుకోవద్దని గట్టిగా చెబుతాను. కంటి నిర్మాణం క్షుణ్ణంగా తెలిసిన ఆక్యులోప్లాస్టీ సర్జన్ దగ్గరికే వెళ్లాలి.

ఇంత ముప్పు పొంచి ఉన్నప్పుడు, గుంట ఎందుకు పడిందన్న ప్రశ్న ముందు తేలాలి. రెప్పను ఎత్తే కండరం పట్టు సడలినా గుంట కనిపిస్తుంది. దానికి కావలసింది రెప్ప సర్జరీ, ఫిల్లర్ కాదు. ఒక కన్ను మాత్రమే కొత్తగా లోపలికి పోతే స్కాన్ తీయించాలి. కంటి చుట్టూ ఎముక విరిగి ఉండొచ్చు, సైనస్ జబ్బు ఉండొచ్చు, ఎక్కడో ఉన్న క్యాన్సర్ అక్కడికి పాకి ఉండొచ్చు.

ఎక్కువమంది గమనించని మరో కారణం చుక్కల మందు. గ్లకోమాకు రాసే బైమాటోప్రాస్ట్, ట్రావోప్రాస్ట్, లాటనోప్రాస్ట్ చుక్కలు కంటి చుట్టూ ఉన్న కొవ్వును తగ్గించగలవు. కనురెప్పల వెంట్రుకలు ఒత్తుగా పెరగాలని వాడే మందులోనూ బైమాటోప్రాస్ట్ ఉంటుంది. అందం కోసం వాడేవాళ్లు దాన్ని ఆపేస్తే కొన్ని నెలల్లో గుంట కొంతవరకైనా పూడవచ్చు. గ్లకోమా ఉన్నవాళ్లు మాత్రం సొంతంగా ఆపకూడదు. సీసా పట్టుకెళ్లి కంటి డాక్టర్‌కు చూపించి, వేరే రకం చుక్కలకు మారే వీలుందేమో అడగాలి.