కరిగే క్షణాన్ని పట్టే యంత్రం

హైదరాబాద్‌లో నల్లకుంట నుంచి విద్యానగర్ మీదుగా ఉస్మానియా క్యాంపస్ దాటితే తార్నాక వస్తుంది. 1944లో మొదలై, 1989లో ఇప్పటి పేరు తీసుకున్న భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, అంటే మన ఐఐసీటీ, అక్కడే ఉంది. ఇలాంటి పరిశోధన సంస్థల్లోనూ నగరం చుట్టుపక్కల మందుల కంపెనీల్లోనూ డిఫరెన్షియల్ స్కానింగ్ కెలోరిమీటర్ అనే యంత్రానికి చేతినిండా పని ఉంటుంది. ఒక పదార్థం ఎన్ని డిగ్రీల దగ్గర కరుగుతుంది, కరగడానికి ఎంత ఉష్ణం తీసుకుంటుంది అన్నది అది చెబుతుంది. దాని పుట్టుక మాత్రం చాలా సాదాసీదా ప్రయోగాల్లో ఉంది.

ఉదాహరణకు, నాఫ్తలీన్‌తో చేసిన కలరా ఉండల్ని పొడి చేసి పరీక్షనాళికలో వేసి, మరిగే నీళ్లలో ఉంచితే కరిగిపోతాయి. నాళికను బయటికి తీసి, అర నిమిషానికోసారి థర్మామీటరు చూసి రాసుకోవాలి. 90, 86, 83 అంటూ దిగివచ్చిన పాదరసం 80 దగ్గర ఆగిపోతుంది. నాళిక చల్లబడుతూనే ఉన్నా అంకె కదలదు. గడ్డకడుతున్న నాఫ్తలీన్ తన గుప్తోష్ణాన్ని వదులుతూ, బయటికి పోతున్న వేడిని భర్తీ చేస్తుంది. అంతా గడ్డకట్టాకే అంకె మళ్లీ దిగుతుంది. 80కి బదులు 53 దగ్గర ఆగిందంటే ఆ ఉండ నాఫ్తలీన్ కాదు, పారాడైక్లోరోబెంజీన్. ఈ అంకెలతో గ్రాఫు గీస్తే, అందులోని చదునైన గీతే పదార్థాన్ని గుర్తుపట్టిస్తుంది.

అయితే కొలిమి వేడిలో గాజు థర్మామీటరు పనిచేయదు. ఆ చిక్కు విప్పినవాడు ఫ్రాన్స్‌కు చెందిన హెన్రీ లె షాటెలియే. 1887లో ఆయన బంకమట్టిని వేడిచేస్తూ, దాని మధ్యలో ప్లాటినం థర్మోకపుల్ పెట్టాడు. థర్మోకపుల్ కరెంటుకు కదిలే గాల్వనోమీటరు అద్దం మీద రెండు సెకన్లకోసారి విద్యుత్ మెరుపు పడుతుంది. ఆ వెలుగు ఫోటో పలక మీద ఒక్కో గీతగా అచ్చవుతుంది. మట్టి మామూలుగా వేడెక్కుతున్నంతసేపూ గీతలు ఎడంగా పడతాయి. వేడిని లోపలికి లాక్కుంటూ మార్పు చెందేటప్పుడు ఒకదాని పక్కన ఒకటి ఒత్తుగా చేరతాయి. వేడి స్కేలు సరిచూసుకోవడానికి ఆయన వాడినవి గంధకం మరిగే స్థానం, బంగారం కరిగే స్థానం.

చిన్న మార్పులు మాత్రం ఆ పలక మీద తేలేవి కావు. 1899లో లండన్ టంకశాలకు చెందిన రాబర్ట్స్-ఆస్టెన్ దానికి దారి చూపాడు. పరీక్షించే లోహం పక్కనే, ఆ వేడిలో ఏ మార్పూ చెందని మరో ముక్క పెట్టి, రెండింటి మధ్య తేడాను మాత్రమే కొలిచాడు. త్రాసులో రెండో పళ్లెం ఉన్నట్టే ఇది.

1962లో అమెరికాలో పెర్కిన్-ఎల్మర్ కంపెనీకి చెందిన వాట్సన్, ఓనీల్ ఇంకో అడుగు వేశారు. నమూనా ఉన్న పళ్లేనికీ, పోలిక కోసం పెట్టిన పళ్లేనికీ విడివిడిగా బుల్లి కొలుములు పెట్టి, రెండూ ఒకే వేడిలో ఉండేలా కరెంటు సర్దారు. కరిగే పదార్థం ఉన్న వైపు ఎంత ఎక్కువ కరెంటు పోతే అంత ఉష్ణం తీసుకున్నట్టు. మొదట చెప్పిన కెలోరిమీటర్ ఇదే. నేటి యంత్రానికి కొన్ని మిల్లీగ్రాముల నమూనా చాలు. అల్యూమినియం పళ్లెంలో వేసి, మూత నొక్కి, పక్కన ఖాళీ పళ్లెం పెట్టి, నిమిషానికి పది డిగ్రీల చొప్పున వేడిచేస్తారు. ముందుగా 156.6 డిగ్రీల దగ్గర కరిగే ఇండియం లోహంతో యంత్రాన్ని సరిచూస్తారు.

మందుల నగరానికి ఈ యంత్రం ఎందుకంత అవసరమో పారాసెటమాల్ చెబుతుంది. అదే అణువు స్ఫటికంలో ఒక రకం పేర్పులో సుమారు 169 డిగ్రీల దగ్గర, మరో పేర్పులో 157 దగ్గర కరుగుతుంది. పేర్పు మారితే మందు నీటిలో కరిగే తీరూ మారుతుంది. 1998లో ఎయిడ్స్ మందు రిటోనవిర్ క్యాప్సూళ్లలో సరిగా కరగని కొత్త స్ఫటిక రూపం పుట్టుకొచ్చి, వాటిని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

యంత్రం మీట నొక్కితే గీత వస్తుంది, కానీ ఆ గీత ఎందుకు వంగిందో యంత్రం చెప్పదు. అది తెలియాలంటే ఒక్కసారైనా చేత్తో చేసి చూడాలి. అందుకే కాలేజీ అధ్యాపకులకు నా మనవి: కెలోరిమీటర్ కొనే స్తోమత లేదని ఆగకండి. నాఫ్తలీన్ ఆవిరి మంచిది కాదు కాబట్టి, 69 డిగ్రీల దగ్గర కరిగే స్టియరిక్ ఆమ్లం తీసుకోండి. ప్రతి విద్యార్థి చేతా ఆ చదునైన గీత గీయించండి.