మెదడువాపులో వాపు ఎవరిది?

2003 జూన్‌లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలు ఉన్నట్టుండి జ్వరంతో, మూర్ఛలతో స్పృహ తప్పి ఆసుపత్రులకు చేరసాగారు. ఆ కొద్ది నెలల్లో లెక్కకు వచ్చిన 329 మందిలో 183 మంది చనిపోయారు. అసలు కారకుల్లో ఒకటిగా పరిశోధకులు చండీపురా వైరస్‌ను గుర్తించేలోపు, పత్రికలు ఎప్పటిలాగే 'మెదడువాపు వ్యాధి' అని రాశాయి.

తెలుగులో ఈ మాట చాలా జబ్బులకు ఉమ్మడి పేరు. జపనీస్ ఎన్‌కెఫలైటిస్‌నూ అలాగే అంటారు, బాక్టీరియా వల్ల వచ్చే మెనింజైటిస్‌నూ అలాగే అంటారు. వైద్యశాస్త్రం వీటిని వేరుచేస్తుంది: మెదడును కప్పిన పొరల్లో శోథ వస్తే మెనింజైటిస్, మెదడు పదార్థంలోనే వస్తే ఎన్‌కెఫలైటిస్, చీము ఒకచోట గూడు కట్టుకుంటే ఆబ్సెస్. ఆ తేడాలు చికిత్సకు తప్పనిసరి. అయినా జనం వాడే మాటలో ఒక నిజం ఉంది. అది సూక్ష్మజీవి పేరు చెప్పదు, వాపు సంగతి చెబుతుంది. ఈ జబ్బుల్లో రోగి ప్రాణం తీసేదీ, బతికినవారిని చెవిటివారినో అవిటివారినో చేసేదీ అనేక సందర్భాల్లో ఆ వాపే. దానిలో సగం పాపం శరీరానిదే.

కాలికి దెబ్బ తగిలి వాస్తే చర్మం సాగుతుంది. పుర్రె సాగదు. అందులో మెదడు, రక్తం, మస్తిష్కమేరు ద్రవం ఇరుకుగా సర్దుకుని ఉంటాయి. ఒకటి పెరిగితే మరొకటి తగ్గక తప్పదు. ఎడిన్‌బరోకు చెందిన అలెగ్జాండర్ మన్రో 1783లోనే ఈ సంగతి గ్రహించాడు. పసిబిడ్డలకు మాడు పూడనందువల్ల కొంత వెసులుబాటు ఉంటుంది. జ్వరంతో మగతగా ఉన్న బిడ్డకు మాడు ఉబ్బెత్తుగా కనిపించడం అందుకే ప్రమాద సూచన. ఇక ద్రవం సంగతి. పెద్దవారిలో ఒక సమయంలో ఉండేది సుమారు 150 మిల్లీలీటర్లు, రోజుకు కొత్తగా ఊరేది 500 మిల్లీలీటర్లు. ఊరినంతా ఎప్పటికప్పుడు రక్తంలోకి ఇంకిపోవాలి. ఆ దారి మూసుకుపోతే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

రక్తానికీ మెదడుకూ నడుమ ఒక కట్టుదిట్టమైన అడ్డుగోడ కూడా ఉంది. పాల్ ఎర్లిక్ జంతువుల రక్తంలోకి రంగు ఎక్కించినప్పుడు అవయవాలన్నీ రంగు పట్టాయి, మెదడు మాత్రం పట్టలేదు. ఈ గోడ మామూలు రోజుల్లో మేలే చేస్తుంది. అయితే ఇది శత్రువులతో పాటు రక్షకభటులనూ ఆపుతుంది. రక్తంలో పుష్కలంగా ఉండే యాంటీబాడీలు మస్తిష్కమేరు ద్రవంలో అతి స్వల్పం. ముక్కు, గొంతుల్లో నివసించే న్యూమోకాకస్ రక్తంలోకి చేరి, అక్కడి నుంచి ఎలాగో గోడ దాటిందంటే లోపల దానికి అడ్డు చెప్పేవారుండరు. అది విచ్చలవిడిగా పెరిగాక తెల్లకణాలు గుంపుగా వచ్చిపడతాయి. మెదడు ఉపరితలం మీద పసుపుపచ్చని చీము పరుచుకుంటుంది. రక్తనాళాల గోడలు దెబ్బతిని లోపలి నీరు బయటికి కారుతుంది, మెదడు ఉబ్బుతుంది.

చికిత్సలోని వింత ఇక్కడే ఉంది. యాంటీబయాటిక్ బాక్టీరియాను పగలగొట్టినప్పుడు వాటి గోడల ముక్కలు ద్రవంలో చెల్లాచెదురై శోథను ఇంకా రగిలిస్తాయి. అందుకే మొదటి డోసుకు ముందో, దానితో పాటో డెక్సామెథజోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు. 2002లో వెలువడిన యూరప్ అధ్యయనంలో 301 మంది పెద్దవారిని పరిశీలించగా, స్టెరాయిడ్ అందనివారిలో మరణాలు 15 శాతం, అందినవారిలో 7 శాతం. అయిదేళ్ల తర్వాత మలావీలో జరిగిన అధ్యయనంలో ఆ ప్రయోజనం కనబడలేదు. అక్కడి రోగుల్లో అత్యధికులకు హెచ్ఐవీ ఉంది, చాలామంది ఆలస్యంగా వచ్చారు. శరీరం చేసే పోరాటాన్ని ఎప్పుడు అదుపు చేయాలన్నది రోగి శరీరాన్ని బట్టి కూడా ఉంటుంది.

క్షయ మెనింజైటిస్‌ది వేరే నడక. 1933లో జాన్స్ హాప్కిన్స్‌కు చెందిన ఆర్నాల్డ్ రిచ్, హోవర్డ్ మెకార్డాక్ చూపించినదేమంటే, క్షయ క్రిములు రక్తంలో నుంచి నేరుగా పొరల మీద పడవు. ఎప్పుడో మెదడు అంచున నాటుకున్న చిన్న గడ్డ ఒకటి పగిలి ద్రవంలోకి వాటిని వదులుతుంది. మెదడు అడుగుభాగంలో జిగురులాంటి చిక్కటి పదార్థం పేరుకుంటుంది. కంటిని కదిలించే నరాలు, ద్రవం పారే దారులు, మెదడు లోతుకు రక్తం తీసుకెళ్లే సన్నని ధమనులు, అన్నీ ఆ జిగురులో చిక్కుకుంటాయి. మెల్లకన్ను, లోపల నీరు నిలవడం, పక్షవాతం, మూడింటికీ మూలం ఆ ఒక్క చోటే. వియత్నాంలో 545 మందిపై జరిగి 2004లో వెలువడిన అధ్యయనంలో క్షయ మందులకు డెక్సామెథజోన్ జోడిస్తే మరణాలు 41 శాతం నుంచి 32 శాతానికి తగ్గాయి. క్రిమిని చంపే మందు రెండు వర్గాలకూ ఒకటే. తేడా అంతా శోథను అణచడంలో ఉంది. రెండుమూడు వారాలుగా తలనొప్పి, సన్నజ్వరం, తిండి సయించకపోవడం ఈ జబ్బు తొలిరూపం. ఇండియా నుంచి పిల్లల దగ్గరకు వచ్చిన తల్లిదండ్రులలో ఇవి కనిపిస్తే ప్రయాణ బడలిక అనుకోవడం సులువు. ఎక్కడ నుంచి వచ్చారో, ఇంట్లో ఎవరికైనా క్షయ వచ్చిందో అత్యవసర విభాగంలో అడగకపోయినా చెప్పాలి.

ఈ వాదానికి అన్నిటికంటే స్పష్టమైన సాక్ష్యం ఒక పురుగు ఇస్తుంది. పంది బద్దెపురుగు గుడ్లు కడుపులోకి పోతే, వాటి లార్వాలు మెదడు చేరి నీటితిత్తులుగా ఏళ్ల తరబడి ఉండిపోతాయి. బతికున్న తిత్తి శరీరాన్ని ఏమార్చే రసాయనాలు వదులుతుంది. చుట్టూ శోథ దాదాపు ఉండదు, మనిషికి ఏమీ తెలియదు. అది చనిపోతున్నప్పుడు ఆ మాయ తొలగి తెల్లకణాలు ముట్టడిస్తాయి. అప్పుడు వస్తుంది మూర్ఛ. ఇండియాలో పనిచేసి స్వదేశం వెళ్లిన బ్రిటిష్ సైనికులలో చాలామందికి ఏళ్లు గడిచాక ఇలాగే మూర్ఛలు మొదలయ్యాయి. 1961లో డిక్సన్, లిప్స్‌కూంబ్ ఇలాంటి 450 మంది వివరాలు ప్రచురించారు. కనుక పురుగుల మందు ఇచ్చేటప్పుడు స్టెరాయిడ్ తోడు ఉండాలి.

'మేము శాకాహారులం, మాకెందుకు వస్తుంది?' అన్న ప్రశ్న తెలుగు ఇళ్లలో తప్పక వినిపిస్తుంది. పంది మాంసం తింటే వచ్చేది పేగులోని పురుగు. మెదడులో తిత్తులు వచ్చేది ఆ పురుగున్న మనిషి మలంలోని గుడ్లు చేతుల ద్వారానో, కూరగాయల ద్వారానో లోపలికి పోవడం వల్ల. న్యూయార్క్‌లో పంది మాంసం ముట్టని సనాతన యూదు కుటుంబాల్లోనూ ఈ జబ్బు బయటపడిందని 1992లో వైద్యులు నివేదించారు.

అయితే వాపే సర్వమనడం కూడా తప్పే. జపనీస్ ఎన్‌కెఫలైటిస్‌లో స్టెరాయిడ్ వల్ల మేలు కలగలేదని థాయిలాండ్ అధ్యయనం తేల్చింది. రేబిస్ మరీ విపరీతం. కాటు నుంచి నరాల వెంట మెదడు చేరిన ఆ వైరస్ శరీరానికి దొరకకుండా తప్పించుకుంటుంది. చనిపోయిన రోగి మెదడును మైక్రోస్కోప్ కింద చూస్తే నాడీకణాల్లో అడెల్చి నెగ్రి 1903లో వర్ణించిన ఎర్రటి చుక్కలుంటాయి, శోథ మాత్రం తరచు నామమాత్రం. లక్షణాలు కనిపించాక బతికినవారు వేళ్లమీద లెక్కపెట్టగలిగినంత మంది. పోరాటం మితిమీరినా ముప్పే, అసలు మొదలుకాకపోయినా ముప్పే.

వెన్నుపాము దగ్గర స్థలం ఇంకా ఇరుకు. మధుమేహం ఉన్నవారిలో చర్మం మీది స్టెఫలోకాకస్ రక్తం ద్వారా వెళ్లి, వెన్నుపాము పొరకు బయట, ఎముకకు లోపల చీము చేస్తుంది. నాడీకణాన్ని బాక్టీరియా ముట్టుకోనే ముట్టుకోదు. చీము ఒత్తిడీ, నలిగిన రక్తనాళాలూ చాలు. మొదట ఒకచోట విడవని నడుమునొప్పి, జ్వరం. తర్వాత కాళ్లలో బలహీనత, మూత్రం బిగదీయడం. జ్వరం ప్రతిసారీ ఉండదు, అందుకే నడుము పట్టిందనుకుని రోజులు గడిపేస్తారు. కాళ్లు ఇంకా కదులుతుండగా శస్త్రచికిత్స జరిగితే నడక దక్కే అవకాశం ఎక్కువ. పూర్తిగా చచ్చుబడి ఒకటి రెండు రోజులు గడిచాక చీము తీసినా, ఆ కాళ్లలో మళ్లీ కదలిక రావడం అరుదు.