కొడుకు కార్తేజ్ వెళ్లాక

బిడ్డను విశ్వాసంలో పెంచే పూచీ తల్లిదండ్రులదేనని క్రైస్తవ సంఘాలన్నీ చెబుతాయి. ఆదివారం ఆరాధన, సండేస్కూలు, రాత్రిపూట కుటుంబ ప్రార్థన ఆ పెంపకంలో భాగం. కాలేజీ చదువుకని బిడ్డ హాస్టల్లో చేరిన రోజున ఇవన్నీ ఒక్కసారిగా కన్నవారి చేయి దాటిపోతాయి. గుడికి వెళ్తున్నావా అని ఫోనులో అడగవచ్చు. వచ్చిన జవాబును నమ్మడం తప్ప చేయగలిగింది ఉండదు. అంతవరకు బిడ్డకు నేర్పిన విశ్వాసం మీద ఇక తామే ఆధారపడాల్సి వస్తుంది.

ఈ స్థితిని పూస గుచ్చినట్టు రాసినవాడు పునీత అగుస్తీను. అదీ ఇల్లు వదిలి వెళ్లిన కొడుకు వైపు నుంచి. 397 ప్రాంతంలో మొదలుపెట్టిన ‘కన్ఫెషన్స్’ అనే లాటిన్ గ్రంథంలో తన చదువును, పెడదారులను, తల్లి మోనికా కన్నీళ్లను దేవుడితో చెప్పుకున్నాడు.

ఆయన 354లో ఉత్తర ఆఫ్రికాలోని తగస్తేలో పుట్టాడు. నేటి అల్జీరియాలోని సూక్ అహ్రాస్ పట్టణమే అది. తల్లి క్రైస్తవ ఇంట పెరిగిన మనిషి. తండ్రి పత్రీషియస్‌ది కొద్దిపాటి ఆస్తి. ఆయన బాప్తిస్మం తీసుకున్నది జీవితం చివర్లో. పై చదువుకు డబ్బు చాలక పదహారో ఏట కుర్రవాడు ఇంటి దగ్గరే ఖాళీగా ఉన్నాడు. తండ్రి తంటాలు పడి సొమ్ము కూడబెట్టాక, ఊరి ధనవంతుడు రొమానియానస్ సాయం కూడా అంది, పదిహేడో ఏట చదువుకు కార్తేజ్ నగరం చేరాడు. ఆ రోజుల్లోనే తండ్రి పోయాడు. తరువాత ఖర్చులకు డబ్బు సర్దింది మోనికాయే.

పెళ్లి చేస్తే కొడుకు అదుపులో ఉంటాడని తెలిసినా, అది చదువుకు అడ్డమని ఆమె ఊరుకుంది. పైగా ఆ చదువే అతన్ని దేవుడి దగ్గరకు చేర్చడానికి పనికొస్తుందనుకుంది. ఈ సంగతి కొడుకే కాస్త నిష్ఠూరంగా రాశాడు. ర్యాంకునూ రక్షణనూ ఒకే ప్రార్థనలో అడిగే తెలుగు తల్లిదండ్రులకు ఇందులో వింతేమీ కనిపించదు.

కార్తేజ్‌లో అతను ఒక స్త్రీతో కలిసి ఉన్నాడు. వారికి అదియోదాతుస్ అనే కొడుకు పుట్టాడు. తల్లులు సాధారణంగా భయపడేది ఇలాంటి వాటికే. మోనికాను ఎక్కువ కుంగదీసింది మాత్రం పుస్తకాల నుంచి వచ్చింది. రోమన్ వక్త సిసెరో రచన చదివి జ్ఞానం మీద మోజు పడిన అగుస్తీనుకు, బైబిలు తెరిస్తే అందులోని భాష మోటుగా తోచింది. లోకంలో చెడు ఎక్కడిది అనే ప్రశ్నకు తర్కంతో జవాబు చెబుతామన్న మానీ మతంవారి వెంట వెళ్లి, తొమ్మిదేళ్లు వారితోనే ఉన్నాడు. చెడు సావాసాలను కాచుకోవడం తెలిసిన ఇళ్లు ప్రశ్నలకు సిద్ధపడకపోవడం ఇప్పటికీ మామూలే.

చదువు ముగించి ఊరికి వచ్చిన కొడుకును మోనికా మొదట ఇంట్లో ఉండనివ్వలేదు, తన పంక్తిలో భోజనానికి రానివ్వలేదు. ఆ తరువాత, తాను నిలబడిన చోటనే కొడుకూ నిలబడి ఉన్నట్టు కల వచ్చాక తలుపు తీసింది. తన కొడుకుతో వాదించమని ఒక బిషప్పును బతిమాలింది. చిన్నతనంలో తానూ మానీ మతంలో పెరిగినవాడే ఆయన. ఇప్పుడు చెప్పినా వినడు, ప్రార్థన మాత్రం మానవద్దు, చదువుతూ చదువుతూ తనే తెలుసుకుంటాడు అన్నాడు. ఆమె వదలకుండా ఏడుస్తుంటే విసుగెత్తి, ఇన్ని కన్నీళ్ల కొడుకు నశించడులే, వెళ్లమ్మా అని పంపేశాడు. ఆమె దాన్ని దేవుడి మాటగానే తీసుకుంది.

383లో అగుస్తీను రోముకు బయలుదేరాడు. తల్లి రేవు దాకా వచ్చి, వెళ్లవద్దు, వెళ్తే తననూ తీసుకుపొమ్మని పట్టుబట్టింది. స్నేహితుణ్ణి సాగనంపాలని అబద్ధం చెప్పి, ఆమె పునీత సిప్రియాను గుడిలో రాత్రంతా ప్రార్థిస్తుండగా ఓడ ఎక్కేశాడు. ప్రయాణం ఆగాలన్న ఆమె ప్రార్థన ఫలించలేదు. కానీ ఆ ప్రయాణమే అతన్ని మరుసటి ఏడు మిలాన్‌లో బిషప్పు అంబ్రోసు ముందుకు చేర్చింది. బైబిలు మీది చిన్నచూపు అక్కడి ప్రసంగాలు వింటూనే పోయింది. తల్లి అడిగింది కాదని, ఆమె మనసులోని అసలు కోరిక దేవుడు తీర్చాడని ‘కన్ఫెషన్స్’ చెబుతుంది.

385లో మోనికా కూడా మిలాన్ చేరింది. కొడుక్కి పెద్దింటి సంబంధం కుదిర్చింది. దానితో అతనితో అన్నేళ్లు బతికిన స్త్రీని ఆఫ్రికాకు తిప్పి పంపేశారు. ఆమె పేరు కూడా గ్రంథంలో లేదు. మోనికాను ఆదర్శ మాతగా చెప్పే ప్రసంగాలు ఈ ఘట్టం జోలికి వెళ్లవు. ఆ పెళ్లీ జరగలేదు. అగుస్తీను 386లో మనసు మార్చుకుని, 387 ఈస్టరుకు తన కొడుకుతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. అదే ఏడు ఒస్తియా రేవు పట్టణంలో మోనికా కన్నుమూసింది. కతోలిక క్యాలెండరులో ఆగస్టు 27 ఆమె పండుగ, 28 కొడుకుది.

తెలుగునాట మిషనరీల కాలంలో ఇల్లు వదలడం వేరుగా ఉండేది. మచిలీపట్నం నోబుల్ కాలేజీకి మూలమైన బడి 1843లో, గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాల 1885లో మొదలయ్యాయి. మిషను బోర్డింగులో చేరిన పిల్లవాడికి అక్కడా ప్రార్థన గంట వినిపించేది. ఇప్పటి ఇంజనీరింగ్ కాలేజీలో, అమెరికా యూనివర్సిటీలో అది ఉండదు. అందుకే బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాల్లో బిడ్డ కాలేజీకి వెళ్లేలోగా నీటి బాప్తిస్మం ఇప్పించాలని తొందరపడే తల్లిదండ్రులు కనిపిస్తారు. లూథరన్, సీఎస్ఐ సంఘాల్లో నిర్ధారణకు (కన్ఫర్మేషన్) ఇలాంటి ప్రాధాన్యమే ఉంది. నిర్ణయం బిడ్డది కావాలని ఈ ఆచారాల ఉద్దేశం. తొందర మాత్రం చాలాసార్లు పెద్దలది.

బిడ్డ చేరే ఊళ్లో సంఘాన్ని వెతికిపెట్టడం, అక్కడి పాస్టరుగారికి ముందుగా చెప్పడం తల్లిదండ్రులు చేయగలిగిన పని. 1954లో ఏర్పడిన యూఈఎస్ఐ వంటి విద్యార్థి సహవాసాలు కూడా ఉన్నాయి. అక్కడ బైబిలు ధ్యానాన్ని విద్యార్థులే నడుపుకుంటారు. ఇంట్లో అడగడానికి జంకిన ప్రశ్నలు తోటివారి మధ్య బయటికి వస్తాయి.