ఇసుక సముద్రం దాటాలంటే...

ఒకసారి మా పదో తరగతి పిల్లలకు ఒక పని అప్పగించాను. "నలుగురు మనుషులు, రెండు జీపులు, తొమ్మిది రోజుల ఎడారి ప్రయాణం. ఏమేమి తీసుకువెళ్ళాలో జాబితా రాయండి" అన్నాను. టార్చిలైటు, టోపీ, చాకు, తాడు, కెమెరా అన్నీ రాశారు. నీళ్ళు కూడా అందరూ రాశారు. కాని ఎన్ని నీళ్ళో ఒక్కరూ రాయలేదు! ఎడారిలో మనిషి ప్రాణం ఆ 'ఎన్ని' మీదనే ఆధారపడి ఉంటుంది. అందుకే ఆ లెక్క ఇల్లు కదలక ముందే వేసుకోవాలి. రండి, మనం కలిసి వేద్దాం.

ఎక్కడికి వెళుతున్నాం?

ఈజిప్టు పడమటి ప్రాంతంలో, లిబియా తూర్పు ప్రాంతంలో, సహారా ఎడారిలో ఒక భాగాన్ని 'మహా ఇసుక సముద్రం' అంటారు. దాని వైశాల్యం సుమారు 72,000 చదరపు కిలోమీటర్లు. ఇసుక తిన్నెలు అలల్లాగా ఒకదాని తరువాత ఒకటి, దాదాపు ఉత్తర దక్షిణాలుగా బారులు తీరి ఉంటాయి. కొన్ని 100 మీటర్లకు పైగా ఎత్తు ఉంటాయి. లోపల ఊళ్ళు లేవు, బావులు లేవు. 1874లో గెర్హార్డ్ రోల్ఫ్స్ అనే జర్మన్ యాత్రికుడు ఒంటెలతో, ఇనుప తొట్లలో నీళ్ళతో పడమరకు బయలుదేరాడు. తిన్నె వెనుక తిన్నె అడ్డం వచ్చింది. ఆయన మొండికి పోలేదు. దారి మార్చుకొని, తిన్నెల నడుమ ఉత్తరంగా నడిచి సీవా ఒయాసిస్సు చేరాడు. ఆ తిన్నెలను మోటారు కార్లతో అడ్డంగా దాటినది 1930లో. దాటినవాడు రాల్ఫ్ బాగ్నాల్డ్ అనే బ్రిటిష్ సైనికాధికారి. ఆయన బలం ధైర్యం ఒక్కటే కాదు, భౌతికశాస్త్రం కూడా.

మొదటి లెక్క: నీళ్ళు

మన శరీరం చెమట ద్వారా చల్లబడుతుంది. ఒక లీటరు చెమట ఆవిరైతే సుమారు 580 కిలో కేలరీల వేడిని తీసుకుపోతుంది. 30 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర ఉన్న 8 లీటర్ల నీటిని మరిగే స్థితికి తేవడానికి దాదాపు అంత వేడి కావాలి. బాష్పీభవన గుప్తోష్ణం మహిమ ఇది. మండుటెండలో నడిచే మనిషికి గంటకు దాదాపు ఒక లీటరు చెమట పట్టవచ్చు.

"కొద్దికొద్దిగా తాగుతూ శరీరానికి అలవాటు చేస్తే సరిపోదా?" అని మీరు అడగవచ్చు. పూర్వం సైన్యాల్లో కూడా అలాగే అనుకునేవారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అడాల్ఫ్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు ఎడారిలో సైనికులను పరీక్షించి 1947లో ఫలితాలు ప్రచురించారు. నీళ్ళు తక్కువగా తాగినంత మాత్రాన శరీరానికి కావలసిన నీరు తగ్గదని తేలింది. నోరు కట్టుకుంటే మిగిలేది సీసాలో నీరే, ఒంట్లో నీరు కాదు. పొదుపు చేయవలసింది చెమటను. పగలు నీడలో ఉండాలి, ఒళ్ళంతా బట్ట కప్పుకోవాలి, పని ఉదయం, సాయంత్రం చేసుకోవాలి. ప్రయాణం చలికాలంలోనే పెట్టుకోవాలి.

మనిషికి రోజుకు తాగడానికి, వంటకు కలిపి 6 లీటర్లు అనుకుందాం. నలుగురికి 9 రోజులకు 216 లీటర్లు. జీపు చెడిపోతే? అందుకని అందులో సగం, అంటే 108 లీటర్లు అదనం. మొత్తం 324 లీటర్లు. లీటరు నీరు కిలో బరువు కనుక 324 కిలోలు! అయిదుగురు పెద్దవాళ్ళను అదనంగా ఎక్కించుకున్నట్లే.

రెండో లెక్క: పెట్రోలు

దారి 600 కిలోమీటర్లు అనుకోండి. గట్టి రోడ్డు మీద లీటరుకు 8 కిలోమీటర్లు నడిచే జీపు మెత్తటి ఇసుకలో 4 కిలోమీటర్లే నడిచిందనుకుందాం. ఒక్కో జీపుకు 150 లీటర్లు, రెండింటికి 300. అదనం మరో 100. ఈ 400 లీటర్ల బరువు దాదాపు 300 కిలోలు. చూశారా చిక్కు? నీళ్ళు పెరిగితే బరువు పెరుగుతుంది. బరువు పెరిగితే చక్రం ఇసుకలో దిగబడుతుంది. దిగబడితే పెట్రోలు ఎక్కువ కావాలి. ఎక్కువ పెట్రోలంటే మళ్ళీ బరువే!

దిగబడకుండా ఎలా?

ఏటి ఇసుకలో సైకిలు తొక్కిన వారికి ఈ బాధ తెలుసు. పీడనం అంటే ప్రమాణ వైశాల్యం మీద పడే బలం. మొత్తం 2,400 కిలోల జీపు టైర్లలో చదరపు సెంటీమీటరుకు 2.4 కిలోల గాలి ఉంటే, నాలుగు చక్రాలూ కలిసి నేలను సుమారు 1,000 చదరపు సెంటీమీటర్ల మేర తాకుతాయి. గాలి సగం తీసేస్తే టైరు చదునై సుమారు 2,000 చదరపు సెంటీమీటర్లు తాకుతుంది. ఇసుక మీద పీడనం సగమవుతుంది. ఒంటె వెడల్పాటి పాదం చేసే పని ఇదే. అయితే గట్టి నేల రాగానే మళ్ళీ గాలి కొట్టాలి. కనుక పంపు మరువరాదు.

తిన్నె ఆకారం కూడా తెలియాలి. గాలి వచ్చే వైపు వాలు తక్కువగా ఉంటుంది. గంతులేస్తూ వచ్చే రేణువులు అక్కడ గట్టిగా సర్దుకుంటాయి. రెండో వైపు సుమారు 33 డిగ్రీల వాలులో ఇసుక వదులుగా జారుతుంది. బాగ్నాల్డ్ గట్టి వైపు నుంచి వేగంగా కారును ఎక్కించేవాడు. కాని శిఖరం దగ్గర ఆగి చూడకపోతే అవతల బోర్లా పడటమే! దిగబడిన చక్రాల కింద ఆయన ఇనుప పట్టీలు పరిచేవాడు. అవి కైరోలో పాత సామాను కొట్టులో దొరికినవి.

మరిగిన రేడియేటరు నుంచి పోయే ఆవిరిని కూడా ఆయన వృథా కానీయలేదు. గొట్టం ద్వారా దానిని డబ్బాలోని నీటిలోకి పంపేవాడు. ఆవిరి చల్లబడి నీరయ్యేది. ఇంజను చల్లారినప్పుడు లోపల పీడనం తగ్గి, ఆ నీరు తిరిగి రేడియేటరులోకి చేరేది.

దిక్కు తెలిసేదెలా?

కారులోని ఇనుము అయస్కాంత సూచిని తప్పుదారి పట్టిస్తుంది. అందుకని బాగ్నాల్డ్ సూర్య దిక్సూచి వాడాడు. డిగ్రీలు గుర్తించిన పళ్ళెం, దాని నడుమ నిలువు సూది. వేళను బట్టి సూది నీడ ఏ దిక్కున పడాలో ముందే లెక్కకట్టిన పట్టిక ఉంటుంది. ఈనాడు ఉపగ్రహాల సంకేతాలతో మనమున్న చోటు చూపే పరికరాలున్నాయి. కాని బ్యాటరీ అయిపోతే ఆ పరికరం రాయితో సమానం. పటం, దిక్సూచి ఉండి తీరాలి. ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. ఏ దారిన వెళుతున్నామో, ఏ రోజుకు వస్తామో ఊళ్ళో ఒకరికి రాసి ఇవ్వాలి. బండి చెడిపోతే దానిని వదిలి నడవకూడదు. వెతికేవారికి మనిషి కంటే బండి తేలికగా కనిపిస్తుంది, నీడా ఇస్తుంది.

చివరి లెక్క

మన 324 లీటర్లను మూడు భాగాలు చేయండి. ఒక భాగం వెళ్ళడానికి, ఒక భాగం రావడానికి, ఒక భాగం ఆపదకు. నలుగురికి రోజుకు 24 లీటర్లు కనుక మొదటి 108 లీటర్లు నాలుగున్నర రోజులు వస్తాయి. అవి అయిపోగానే, చూడదలచిన చోటు ఇంకొక్క తిన్నె అవతలే ఉన్నా సరే, వెనుదిరగాలి. రోల్ఫ్స్ పడమరకు పోలేకపోయాడు, కాని బతికి వచ్చి తాను చూసినది లోకానికి చెప్పాడు.

ఇప్పుడు మీకొక లెక్క. మూడో రోజున ఒక డబ్బా పగిలి 60 లీటర్లు ఇసుకపాలయ్యాయి. అప్పటికి 72 లీటర్లు వాడేశారు. మీరే నాయకులైతే ముందుకు పోతారా, వెనుదిరుగుతారా? కాగితం మీద కట్టి చూడండి. ఇక్కడ తప్పు వస్తే చెరిపి మళ్ళీ రాసుకోవచ్చు. అక్కడ ఆ అవకాశం ఉండదు.